టీకా వేయించాక పాపకు జ్వరం, తొడ మీద వాపు: ఏం చేయాలి?

ఆరో వారం పెంటావాలెంట్ (ఐదు జబ్బుల నుంచి కాపాడే) టీకా తర్వాత ఇది చాలామంది పిల్లల్లో కనిపించేదే. అందులోని కోరింత దగ్గు భాగం వల్లే ఎక్కువగా జ్వరం వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. మా బాబుకి వేయించిన రాత్రి ఎడమ తొడ మీద చిన్న ఉసిరికాయంత గడ్డ. డైపర్ మార్చడానికి కాలు కదిపితే చాలు, గుక్కపట్టి ఏడ్చేవాడు.

గడ్డను రుద్దకండి, వేడి కాపడం పెట్టకండి. తడి గుడ్డ వేస్తే చాలు. తల్లిపాలు మామూలు కంటే ఎక్కువసార్లు పట్టండి.

పారాసెటమాల్ దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి. సాధారణంగా దొరికే డ్రాప్స్‌లో 1 మి.లీ.కి 100 మిల్లీగ్రాములు ఉంటే, సిరప్‌లో 5 మి.లీ.కి 125. సిరప్ కొలతలో డ్రాప్స్ పోస్తే మోతాదు నాలుగు రెట్లు అవుతుంది! సీసా మీద చదివి, పాప బరువు చెప్పి, డాక్టర్‌నో ఏఎన్ఎమ్‌నో (ఊళ్లో టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త) అడిగాకే పట్టండి.

మూడు గంటలు ఆపకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, పాలు తాగకుండా మత్తుగా పడి ఉన్నా, జ్వరం రెండు రోజులు దాటినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మామూలు జ్వరమే అయితే పదో వారం డోసు మానొద్దు.