మనసు కోసం కెఫిర్ తాగాలనుకునే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఆందోళన తగ్గుతుందన్న ఆశతో కెఫిర్ అనే పులియబెట్టిన పాల పానీయం మొదలుపెట్టాలనుకుంటున్నానని రాశావు. తప్పకుండా మొదలుపెట్టు, కానీ దాన్ని ఆహారంగానే తాగు, మందు లెక్కన చూడకు.

పేగుకూ మెదడుకూ ఉన్న సంబంధం కల్పన కాదు. పేగు గోడల్లో కోట్లాది నాడీకణాలున్నాయి, మెదడును పేగు వంటి లోపలి అవయవాలతో కలిపే వేగస్ నాడిలోని తంతువుల్లో ఎక్కువ భాగం లోపలి అవయవాల సమాచారాన్ని మెదడుకు చేరవేసేవే. మనోస్థితితో ముడిపడిన రసాయనం సెరటోనిన్. ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగులోనే తయారవుతుందన్నదీ నిజమే, అయితే అది రక్తంలోంచి మెదడులోకి దాటలేదన్న సంగతి మాత్రం కెఫిర్ సీసాలు అమ్మేవారు చెప్పరు. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా రకం ఒకటి పెట్టిన చిట్టెలుకలకు బెదురు తగ్గింది, వేగస్ నాడిని కోసేసిన వాటిలో ఆ ఫలితం కనిపించలేదు. ఆ తరువాత అదే రకాన్ని ఆరోగ్యంగా ఉన్న మగవారికి ఇచ్చి చూస్తే ఒత్తిడిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకు 2021 నాటి స్టాన్‌ఫర్డ్ అధ్యయనం మీద గురి ఎక్కువ: పులియబెట్టిన పదార్థాలను పది వారాలు బాగా తీసుకున్నవారి పేగుల్లో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, రక్తంలో వాపును సూచించే ప్రోటీన్లు కొన్ని తగ్గాయి. చిన్న అధ్యయనమే, పైగా అది మనసును గురించి తేల్చింది కాదు.

ఇక పని సంగతి. కాలీఫ్లవర్ తునకల్లా, జిగురుగా ఉండే కెఫిర్ గింజలు (ఇవి విత్తనాలు కావు, బ్యాక్టీరియా, ఈస్ట్ కలిసిన ముద్దలు) ఒక పెద్ద చెంచాడు తీసుకుని, అర లీటరు కాచి చల్లార్చిన పాలలో వేసి, గాజు సీసా మూతిని గుడ్డతో కప్పి, ఎండ తగలని చోట ఒక రోజు ఉంచు. వేడి రోజుల్లో ఇంకా ముందే పులుస్తుంది కాబట్టి గడియారాన్ని కాక సీసాను చూడు: పాలు చిక్కబడి, అంచుల్లో నీటి చారలు కనిపించగానే వడకట్టి, గింజలను తాజా పాలలో వేసెయ్యి. పుల్లని వాసన సహజమే. బూజు గానీ, గులాబీ లేదా నారింజ రంగు గానీ కనిపిస్తే పైపైన తీసి సరిపెట్టుకోకుండా గింజలతో సహా పారెయ్యి. లోహపు పాత్రలో మాత్రం పులియబెట్టవద్దు.

మొదటి వారం పావు గ్లాసు చాలు. కడుపు ఉబ్బరం, గ్యాస్ కొన్నాళ్లు ఉండవచ్చు, అవి సర్దుకున్నాకే మోతాదు పెంచు. వేడి చేస్తే అందులోని జీవులు చచ్చిపోతాయి కాబట్టి చల్లగానే తాగాలి. కొంబుచా, అంటే పులియబెట్టిన తీపి టీ, నీకు నేను చెప్పను. అందులో చక్కెర, కెఫీన్ మిగిలి ఉంటాయి, ఆందోళనతో నిద్ర పట్టనివారికి సాయంత్రం పూట కెఫీన్ ఎందుకు?

పీచు లేని తిండి తింటూ కెఫిర్ ఒక్కటే తాగితే పెద్దగా ఒరిగేదేమీ లేదు. పేగులోని జీవులు పప్పులు, కూరగాయల పీచును పులియబెట్టుకునే బతుకుతాయి, పేగు గోడకు మేలు చేసే బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు అక్కడే పుడతాయి.

రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నవారికి మాత్రం ఇంట్లో చేసినది పోయకు. నీ డాక్టరు ఆందోళనకు రాసిన మాత్రలను కెఫిర్ తాగుతున్నానని ఆపవద్దు. అవి ఎంఏఓఐ రకం (కుంగుబాటుకూ ఇచ్చే ఒక తరహా మందులు) అయితే, పులిసిన వాటిలోని టైరమిన్ అనే పదార్థం రక్తపోటును ప్రమాదకరంగా పెంచగలదు కాబట్టి, మొదటి గుక్క తాగకముందే ఆయనను అడుగు.

ఇట్లు,
మీ పెదనాన్న