చూపు పరిశోధనకు వీలునామాలో వాటా

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ తదనంతరం ఆస్తిలో కొంత భాగం చూపు కోల్పోయేవారి కోసం జరిగే పరిశోధనకు చెందాలని నువ్వు రాసిన ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. ఒక మిత్రుడి వీలునామాను అమలు జరిపే బాధ్యత నా మీద పడినప్పుడు తెలిసివచ్చిన సంగతులు నీకు పనికివస్తాయని రాస్తున్నాను.

ఈ పరిశోధన ఎంత నిదానంగా సాగుతుందో ముందు తెలుసుకో. పసితనంలోనే చూపును హరించే ఒక వంశపారంపర్య రెటీనా (కంటి లోపలి తెర) వ్యాధికి ఆర్‌పీఈ65 అనే జన్యువులోని లోపం కారణమని 1997లో తేలింది. అదే లోపమున్న కుక్కలకు జన్యు చికిత్సతో, అంటే లోపంలేని జన్యువును కంటిలోకి చేర్చడంతో, చూపు వచ్చిందని 2001లో ప్రకటించారు. మనుషులపై ప్రయోగాలు 2007లో మొదలయ్యాయి. అమెరికాలో ఆ చికిత్సకు అనుమతి లభించేసరికి 2017 వచ్చింది. ఇరవై ఏళ్లు గడిచినా అది ఆ ఒక్క జన్యువులో లోపమున్నవారికి మాత్రమే అందే చికిత్స. కంటి నరాన్ని దెబ్బతీసే గ్లకోమా (నీటికాసులు) వ్యాధిలో ఒకసారి పాడైన ఆ నరాన్ని బాగుచేసే మార్గం నేటికీ లేదు. వెంటనే ఫలితం చూపమని అడగని ధనం ఇటువంటి పనికి ఎంతో అవసరం, వీలునామా ద్వారా వెళ్లే ధనం సరిగ్గా అటువంటిదే.

అందువల్ల ఫలానా వ్యాధికి, ఫలానా మందుకు మాత్రమే ఖర్చు పెట్టాలని గట్టిగా కట్టడి చేయకు. నీ వీలునామా అమలులోకి వచ్చేనాటికి ఆ ప్రశ్నకు సమాధానం దొరికిపోయి ఉండవచ్చు. నీ కోరికను కోరికగానే తెలిపి, తుది నిర్ణయం ఆ ధనం అందుకునే పరిశోధన సంస్థకే విడిచిపెట్టు. ఇంత సొమ్ము అని అంకె వేస్తే ఏళ్లు గడిచేకొద్దీ దాని విలువ కరిగిపోతుంది కాబట్టి, అప్పులూ, ఖర్చులూ, అయినవారికి ఇవ్వదలచినవీ పోగా మిగిలిన ఆస్తిలో ఇన్నో వంతు అని రాయించడం మేలని నా అభిప్రాయం.

నా మిత్రుడు సంస్థ పేరును వాడుకలో పిలిచే తీరులోనే రాశాడు. దాదాపు అదే పేరుతో మరో సంస్థ ఉండటంతో ఆయన ఉద్దేశం ఏదో తేల్చడానికి నెలలు పట్టింది. ఆ మంచి మనసుకు అలా జరగడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. నువ్వు మాత్రం రిజిస్టరైన పూర్తి పేరు, నమోదు సంఖ్య, చిరునామా రాయించు. ఆ సంస్థ మూతపడినా, మరొకదానిలో కలిసిపోయినా, ఇదే లక్ష్యమున్న వేరొక సంస్థకు ఇవ్వవచ్చునన్న వాక్యం కూడా చేర్చు. వారసుల హక్కులు, సాక్షుల నియమాలు ఒక్కో దేశంలో ఒక్కో విధంగా ఉంటాయి గనుక లాయరు చేతనే రాయించు. పిల్లలకు ఇప్పుడే, నీ నోటితోనే చెప్పు.

మరొక్క మాట. నేత్రదానం సంగతి వీలునామాలో రాసి ఊరుకోవద్దు. దానంగా తీసుకునే కార్నియాను (కంటి ముందుండే పారదర్శకమైన పొరను) మరణించిన కొద్ది గంటలలోనే సేకరించాలి. వీలునామా తెరిచేది సాధారణంగా ఆ తరువాతే. అది ఇంట్లోవారికి విడిగా చెప్పి, నేత్రనిధిలో పేరు నమోదు చేయించుకో.

ఆశీస్సులతో,
మీ అక్క