డేటా నేర్పాలంటే ముందు పూసలు కొనండి

కంప్యూటరు ముట్టుకోని వాళ్లకి డేటా చదవడం, అర్థం చేసుకోవడం ఎలా నేర్పాలి, ఎక్సెల్‌తో మొదలుపెట్టాలా, నేరుగా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకి వెళ్లాలా అని అడిగారు. రెండూ వద్దు. దారం, పూసలు, రంగు పెన్సిళ్లు చాలు. నేను అనంతపురం జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను, కాబట్టి మా పిల్లల సంగతే చెబుతాను.

ఒక ఎండాకాలం ఎనిమిదో తరగతికి ఒక పని ఇచ్చాను. వారం పాటు ఇంట్లోకి నీళ్లు ఎవరు తెస్తున్నారో చూసి, బిందెకో పూస చొప్పున దారానికి గుచ్చాలి. అమ్మ తెస్తే ఎరుపు, నాన్న తెస్తే నీలం, ఆడపిల్ల తెస్తే పసుపు, మగపిల్లాడు తెస్తే ఆకుపచ్చ. రోజు మారితే ఒక ముడి.

మర్నాడే గొడవ మొదలైంది. "మేడమ్, మా నాన్న బండి మీద ఇరవై లీటర్ల క్యాన్లు రెండు తెస్తాడు. వాటికి ఎన్ని పూసలు?" అని ఒకడు. నాలుగు వెయ్యాలని పక్కవాడు, ఎందుకంటే వాళ్ల బిందె పది లీటర్లది. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "నేను బిందె చంకన పెట్టుకుని బోరింగు దాకా నాలుగుసార్లు నడుస్తాను. వాళ్ల నాన్న ఒక్కసారి బండి మీద వెళ్లొస్తాడు. ఇద్దరికీ నాలుగేసి పూసలేనా?"

పీరియడంతా వాదించుకున్నారు. నేను నోరు మెదపలేదు. చివరికి వాళ్లే తేల్చారు: ఒక పూస అంటే ఒకసారి వెళ్లి రావడం. లీటర్లకి వేరే దారం. ఆ నియమాన్ని చార్టు మీద రాసి అంటించారు. ఊరెళ్లి రెండు రోజులు చూడనివాడు ఆ చోటు ఖాళీగా వదిలేస్తే, "ఖాళీ అంటే నీళ్లే తేలేదని అర్థం, నువ్వు చూడలేదంతే" అని వాడి దారానికి తెల్ల పూస కట్టించారు.

వారం తర్వాత అన్నీ గోడకి వేలాడదీశాం. వెళ్లి రావడాల దారాలు దాదాపు ఎరుపు, పసుపే. లీటర్ల దారాల్లో మాత్రం నీలం బాగా కనిపించింది. అవే ఇళ్లు, అదే వారం. "మేడమ్, రెండూ నిజమేనా?" అని అడిగారు. ఇన్నేళ్ల సర్వీసులో దత్తాంశ నిర్వహణ (డేటా హ్యాండ్లింగ్) పాఠం చెప్పినప్పుడు ఒక్క పిల్లాడూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు.

ఎలా అడుగుతారు? ఆ పాఠంలో అంకెలు ముందే వండి ఉంటాయి. ఇన్ని మార్కులు, ఇంతమంది పిల్లలు, సగటు కట్టు, మధ్యగతం కట్టు, బాహుళకం రాయి. ఆ అంకెలు ఎవరు లెక్కపెట్టారు, దేన్ని వదిలేశారు అనే మాటే ఉండదు. మాకిచ్చే ట్రైనింగుల్లోనూ అంతే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్లైడ్లు. టీవీల్లో కమ్మీ రేఖా చిత్రాలు (బార్ చార్టులు) సున్నా నుంచి కాకుండా మధ్యలో ఎక్కడో మొదలుపెట్టి, చిన్న తేడాని కొండంత చేసి చూపిస్తారు. తన చేత్తో పూస గుచ్చిన పిల్ల అది చూడగానే పట్టేస్తుంది. నాకు ఇందులో అనుమానమే లేదు.

కాస్త పెద్ద పిల్లలైతే పోస్టుకార్డులు ఇవ్వండి. జార్జియా లుపి, స్టెఫనీ పోసావెక్ అని ఇద్దరు డిజైనర్లు, ఒకరు న్యూయార్కులో, ఒకరు లండన్‌లో ఉంటూ, ఏడాదిపాటు వారం వారం తమ రోజువారీ జీవితాన్ని లెక్కపెట్టి, బొమ్మగా గీసి ఒకరికొకరు పంపుకున్నారు. ముందువైపు బొమ్మ, వెనకవైపు ఏ గుర్తుకి ఏమిటి అర్థమో. ఆ కార్డుల్ని 2016లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం తీసుకుంది. మా తొమ్మిదో తరగతి వాళ్లు ఇంట్లో కరెంటు పోయిన వేళల్ని ఇలాగే గీశారు. వెనకవైపు రాయడమే అసలు చదువు.

పల్లెటూరి వాళ్లకి ఇవన్నీ ఎందుకు అనేవాళ్లకి ఒక మాట. మా జిల్లాకి ఇది కొత్త కాదు. 2000ల్లో ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే భూగర్భజలాల ప్రాజెక్టు ఇక్కడా, మరికొన్ని కరువు జిల్లాల్లోనూ నడిచింది. రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచారు, వాన కొలిచారు, ఊళ్లో బోర్డుల మీద రాశారు. రబీకి ముందు కూర్చుని ఉన్న నీళ్లెన్ని, వరి వేస్తే ఎంత తాగుతుంది, ఆరుతడి పంటకైతే ఎంత అని లెక్క కట్టుకున్నారు. ఏ పంట వెయ్యాలో ఎవరూ ఆదేశించలేదు, ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. విషయం జనంలోకి తీసుకెళ్లడానికి కళాజాతలు, పాటలు వాడారు. చాలామంది రైతులు బడి మొహం పెద్దగా చూడనివాళ్లే.

మీరూ వాళ్ల ఇంటి ప్రశ్నతోనే మొదలుపెట్టండి. ఏది లెక్కలోకి వస్తుందో వాళ్లనే కొట్లాడుకోనివ్వండి, మధ్యలో దూరకండి. ఇక ఎక్సెల్ సంగతంటారా, క్లాసులో అందరి దారాలూ కూడలేక మా పిల్లలే వచ్చి కంప్యూటర్ ల్యాబ్ తాళం తియ్యమని అడిగారు. అప్పుడు చెప్పండి, ఒక్క పీరియడులో వచ్చేస్తుంది.