3 లక్షలు కట్టి ఉద్యోగం కొనొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి 2023లో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తి చేశాడు. అమీర్‌పేటలో రెండు సాఫ్ట్‌వేర్ కోర్సులు చేసినా ఉద్యోగం రాలేదు. ఎడ్యుకేషన్ లోన్ 4 లక్షలుంది, ఈఎంఐ మొదలైంది. 3 లక్షలిస్తే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ చూపించి బ్యాక్‌డోర్ జాబ్ ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ అంటోంది. నా దగ్గర 5 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఇవ్వమంటారా?
– ఒక తండ్రి, జగిత్యాల

జవాబు: వద్దండి. దొంగ ఎక్స్‌పీరియన్స్ ఎక్కువ రోజులు దాగదు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చాలా కంపెనీలు పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తాయి. చేయని ఉద్యోగానికి పీఎఫ్ ఎక్కడి నుంచి వస్తుంది? దొరికితే ఉద్యోగం పోతుంది, పిల్లవాడి పేరు పోతుంది. మీ డబ్బు ఎలాగూ తిరిగి రాదు.

అబ్బాయిలోనే లోపం ఉందని మాత్రం అనుకోకండి. 2022-23లో కేంద్రం చేసిన ఉపాధి సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్)లో దేశం మొత్తమ్మీద నిరుద్యోగం 3.2 శాతమైతే, డిగ్రీ చదివినవాళ్లలో 13.4 శాతం. మరోపక్క హైదరాబాద్ బాలానగర్‌లో విడిభాగాల షెడ్డు నడిపే నా క్లయింట్ ఒకాయన, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషిన్ అప్పగించడానికి మనిషి దొరకట్లేదని కలిసినప్పుడల్లా అంటారు. ఈమధ్య ఇంటర్వ్యూకి వచ్చిన ఒక బీటెక్ కుర్రాడికి మైక్రోమీటర్ (సూక్ష్మమైన కొలతలు తీసే పరికరం) ఇచ్చి షాఫ్ట్ కొలవమన్నారట. ఫార్ములాలు గడగడా చెప్పిన కుర్రాడు రీడింగ్ దగ్గర ఆగిపోయాడు. నాలుగేళ్లలో దాన్ని చేత్తో పట్టుకున్నది రెండేసార్లట, అదీ ల్యాబ్‌లో నలుగురికి ఒకటి చొప్పున. వింటే ఆ పిల్లవాడి మీద జాలి, కాలేజీ మీద కోపం వచ్చాయి.

కాబట్టి ముందు అబ్బాయిని కూర్చోబెట్టి అడగండి: కోడింగ్ నిజంగా ఇష్టమా, లేక అందరూ వెళ్తున్నారని వెళ్లాడా? ఇష్టమైతే సొంతంగా చేసిన ప్రాజెక్టులతో ఫ్రెషర్‌గానే ప్రయత్నించాలి. లేదంటే చదివిన చదువు వైపే తిరగొచ్చు. బాలానగర్‌లోనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. అక్కడ సీఎన్‌సీ, క్యాడ్‌క్యామ్ (కంప్యూటర్‌తో డిజైన్, తయారీ)లో స్వల్పకాలిక కోర్సులుంటాయి. తర్వాత కేంద్రం నడిపే నాట్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్) పోర్టల్‌లో అప్రెంటిస్‌గా నమోదు చేయించండి. 2019 నిబంధనల్లో గ్రాడ్యుయేట్లకు కనీస స్టైపెండ్ నెలకు 9,000గా పెట్టారు. పాసై ఎక్కువ ఏళ్లయితే అర్హత పోతుంది, ఆలస్యం చేయకండి.

9,000తో ఏం సరిపోతుందంటారా? మీ డబ్బు పనికొచ్చేది ఇక్కడే. 10 శాతం వడ్డీకి పదేళ్ల గడువనుకుంటే 4 లక్షలకు ఈఎంఐ దాదాపు 5,300. ఎఫ్‌డీలోంచి 2 లక్షలు అసలుకి కట్టేస్తే అది 2,650కి దిగుతుంది. బ్యాంకులు సాధారణంగా గడువు తగ్గించి ఈఎంఐని అలాగే ఉంచుతాయి. మీకు కావాల్సింది ఈఎంఐ తగ్గడం, ఆ మాట రాతపూర్వకంగా అడగండి. నెలనెలా మెడ మీద కత్తిలా ఈఎంఐ లేకపోతే అబ్బాయి టెన్షన్ లేకుండా చిన్న జీతంతోనైనా పని మొదలుపెడతాడు. మిగిలిన 3 లక్షల్లో కోర్సు ఫీజు, హాస్టల్ ఖర్చు పోగా ఉన్నది ఇంటి అవసరాలకు. దాన్ని కదిలించకండి.

అన్నట్టు, ఆ కన్సల్టెన్సీకి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేసి ఉంటే, రేపే వెళ్లి ముందు అవి తెచ్చుకోండి.