డాక్టర్ సలహా: చెప్తే అమ్మ కొట్టదని పిల్లలకు తెలియాలి

ప్రశ్న: మాది ఎంవీపీ కాలనీ. బాబుకి ఆరేళ్లు, పాపకి పదేళ్లు. పోయిన ఆదివారం ఆర్కే బీచ్‌లో బాబు పది నిమిషాలు కనబడలేదు. చివరికి మొక్కజొన్న పొత్తుల బండి దగ్గర దొరికాడు. కంగారులో రెండు దెబ్బలు వేశాను. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం, పిల్లలు స్కూలుకి ఆటోలో వెళ్తారు. మంచి స్పర్శ, చెడు స్పర్శ గురించి వాళ్లు భయపడకుండా ఎలా చెప్పాలి?
- ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: బాబు దొరికాడు, అదే పదివేలమ్మా. ఆ కంగారులో ఎవరికైనా చెయ్యి లేస్తుంది. కానీ తప్పిపోయి దొరికితే దెబ్బలు పడతాయని వాడికి అర్థమైంది. రేపు అంతకంటే పెద్దదేదైనా జరిగితే నోరు విప్పుతాడా? ఈ రాత్రే పక్కన పడుకోబెట్టుకుని చెప్పండి: ‘ఆరోజు భయమేసి కొట్టాను నాన్నా. నీ తప్పు లేదు. ఏం జరిగినా నాకు చెప్పు, కొట్టను.’ మిగతావన్నీ దీని తర్వాతే.

అన్నం తినకపోతే బూచాడు ఎత్తుకుపోతాడని మనమే చెప్తుంటాం. దాంతో పిల్లలు కొత్తవాళ్లను చూసి మాత్రమే భయపడతారు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనంలో సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందన్నారు. వేధించినవాళ్లలో సగం మంది తెలిసినవాళ్లే, నమ్మినవాళ్లే. వేధింపు ఎదురైన పిల్లల్లో సగానికి పైగా మగపిల్లలు. ఎక్కువ మంది ఎవరికీ చెప్పుకోలేదు. అందుకే పాపకి చెప్పేదంతా బాబుకీ చెప్పండి.

మంచి, చెడు అన్న మాటలు ఆరేళ్లవాడికి సరిగా అందవు. చెడు స్పర్శ కొన్నిసార్లు నొప్పి పెట్టదు, చక్కిలిగింతలా ఉంటుంది. స్నానం చేయించేటప్పుడు మామూలు గొంతుతో ఇలా చెప్పండి: ‘చెడ్డీ కప్పే చోటు నీది. ఎవరూ ముట్టుకోకూడదు, ఫొటో తీయకూడదు, వాళ్లది ముట్టుకోమనకూడదు. అమ్మకి చెప్పకు అని ఎవరన్నా సరే, వచ్చి అమ్మకే చెప్పాలి.’ పిల్లల్ని పరీక్షించాల్సి వస్తే నేనూ తల్లి ముందే, వాళ్లని అడిగాకే చూస్తాను. అలాగే ‘మామయ్యకి ముద్దు పెట్టు, లేకపోతే ఏమనుకుంటాడు’ అని బలవంతం చేయకండి. నమస్కారం చాలు. ఇష్టం లేదంటే ఇంట్లో చెల్లుతుందని తెలిసిన పిల్లలే బయట కూడా వద్దనగలరు.

ఇక ఇంట్లో అందరూ కూర్చుని కొన్ని అనుకోండి. మీ ఫోన్ నంబరు ఇద్దరికీ పాటలా నోటికి రావాలి. బీచ్‌కి వెళ్లేటప్పుడు బాబు చేతి మీద పెన్నుతో రాయండి. మేం కనబడకపోతే వెతుక్కుంటూ తిరగొద్దు, ఉన్నచోటే నిలబడు అని చెప్పండి. ఆ జనంలో ‘అమ్మా’ అంటే ఏ అమ్మ తిరిగి చూస్తుంది? మీ పేరు పెట్టి గట్టిగా అరవమనండి. సాయం కావాలంటే పోలీసుని గానీ, పిల్లలతో ఉన్న ఒక అమ్మని గానీ అడగమనండి. పాపకైతే సబ్‌మెరైన్ మ్యూజియం గేటు గుర్తు చెప్పండి. అది ఇసుక వైపే ఉంది, రోడ్డు దాటనక్కర్లేదు. మళ్లీ ఎప్పుడైనా పిల్లాడు కనబడకపోతే మీరు ముందు నీళ్ల వైపు పరుగెత్తండి, బండ్ల దగ్గర తర్వాత వెతకొచ్చు.

ఆటో సంగతి. డ్రైవర్ మారినా, ‘మీ అమ్మ పంపింది’ అని ఎవరొచ్చినా పిల్లలు అడగాల్సిన రహస్య మాట ఒకటి పెట్టుకోండి. అది చెప్పలేకపోతే వెంటనే స్కూల్లోకి తిరిగి వెళ్లిపోవాలి.

ఎప్పుడైనా పిల్లలు ఏదైనా చెప్తే, మధ్యలో ఆపకండి, ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు’ అనకండి. నమ్ముతున్నానని చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ, అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయండి. అప్పుడే జరిగినదైతే స్నానం చేయించకుండా, బట్టలు ఉతకకుండా ఆసుపత్రికి తీసుకురండి. కేజీహెచ్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా ముందు పోలీసు కాగితం తెమ్మనకూడదు. వైద్యం ఉచితంగా చేయాలి. పిల్లలపై లైంగిక నేరాల కోసం చేసిన 2012 పోక్సో చట్టం ప్రకారం ఇలాంటిది తెలిస్తే డాక్టర్లయినా సరే పోలీసులకు చెప్పి తీరాలి. కారణం దొరకని కడుపునొప్పి, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, ఒక మనిషి పేరెత్తితే ముడుచుకుపోవడం కనిపిస్తే వెంటనే ఏదో జరిగిందని అనుకోనక్కర్లేదు. కానీ ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించండి.

వచ్చే ఆదివారం మళ్లీ బీచ్‌కి తీసుకెళ్లండి. మానేస్తే బాబు అది తనకి వేసిన శిక్ష అనుకుంటాడు. ఇసుకలో దిగగానే ‘అమ్మ కనబడకపోతే ఏం చేస్తావు?’ అని అడిగి, వాడినే చేసి చూపించమనండి.