16 గంటల విమాన ప్రయాణం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నా వయసు 64 ఏళ్లు, విశ్రాంత ఉపాధ్యాయినిని. మా వారికి 69. ఆయనకు చాలా ఏళ్లుగా మధుమేహం ఉంది, రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ వేసుకుంటారు, బీపీ మాత్రలూ వాడతారు. వచ్చే నెల కాలిఫోర్నియాలో ఉన్న మా అమ్మాయి దగ్గరకు మొదటిసారి వెళ్తున్నాము. చెన్నైలో తెల్లవారుజామున బయలుదేరి, దుబాయ్‌లో విమానం మారి, అక్కడి నుంచి సుమారు 16 గంటలు ఆగకుండా ప్రయాణించాలి. కాళ్లు వాస్తాయని, రక్తం గడ్డకడుతుందని బంధువులు భయపెడుతున్నారు. ముందు రోజు కొండకు వెళ్లి స్వామి దర్శనం చేసుకుని, అటు నుంచి అటే చెన్నై వెళ్లాలనుకుంటున్నాము. ఎలా సిద్ధపడాలో చెప్పగలరు.
— ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: అమ్మా, ముందుగా ఆ దర్శనం సంగతి తేల్చుకుందాం. తిరుపతిలో ఇంటికి తాళం వేసిన దగ్గర నుంచి లెక్క వేసుకుంటే, చెన్నైకి కారులో మూడు నాలుగు గంటలు, విమానాశ్రయంలో మరో మూడు గంటలు, దుబాయ్‌కి నాలుగు గంటలకు పైగా, అక్కడ నిరీక్షణ, ఆపైన 16 గంటలు, దిగాక ఇమ్మిగ్రేషన్ వరుస, ఇవన్నీ కలిపి మీ ప్రయాణం 30 గంటలు దాటుతుంది. దానికి ముందు క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి వేచి ఉండి, నిద్ర లేకుండా కారెక్కితే, విమానం ఎక్కేసరికే ఒంట్లో ఓపిక అయిపోతుంది. మీ వారికి భోజన వేళ తప్పుతుంది, దానితోపాటు ఇన్సులిన్ వేళ కూడా తప్పుతుంది. కొండకు నాలుగైదు రోజుల ముందే వెళ్లి రండి. బయలుదేరే రోజు మనసు ఊరుకోకపోతే గోవిందరాజస్వామి గుడికో తిరుచానూరుకో వెళ్లి దణ్ణం పెట్టుకోవచ్చు. మొక్కు ఉందని అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కే ఆలోచన ఉంటే, దానిని తిరిగి వచ్చిన తరువాతికి వాయిదా వేయండి. మెట్లెక్కిన పిక్కల నొప్పి కొన్ని రోజులు వదలదు. విమానం దిగాక పిక్కలో వచ్చే నొప్పిని వేరే కారణంగా జాగ్రత్తగా గమనించవలసి ఉంటుంది కనుక, ఈ రెండు నొప్పులూ కలిసిపోకూడదు.

ఆ వేరే కారణం మీ బంధువులు చెప్పినదే. నడిచేటప్పుడు పిక్కల కండరాలు బిగుసుకుని సడలుతూ కాళ్లలోని రక్తాన్ని పైకి నెడతాయి. గంటల తరబడి మోకాళ్లు మడిచి కూర్చుంటే ఆ పని ఆగిపోయి, పాదాలు వాస్తాయి, కొద్దిమందిలో లోపలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుని చేసే ప్రయాణాల తరువాత ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన అధ్యయనం తేల్చింది. అయితే రెట్టింపైన తరువాత కూడా అది ఆరోగ్యవంతులలో సుమారు 6,000 మందిలో ఒకరికి మాత్రమే కలిగే ముప్పు అని అదే అధ్యయనం చెప్పింది. కారు, బస్సు, రైలు ప్రయాణాలకూ ఇది వర్తిస్తుంది. గతంలో గడ్డకట్టినవారు, ఈ మధ్యనే పెద్ద ఆపరేషన్ అయినవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, హార్మోన్ మాత్రలు వాడేవారు, బాగా స్థూలకాయం ఉన్నవారు తప్పనిసరిగా వైద్యుణ్ణి అడిగి వెళ్లాలి. ఎవరో చెప్పారని గడ్డకట్టకుండా ఆస్పిరిన్ మాత్రను సొంతంగా వేసుకోవద్దు. కాళ్లకు బిగుతుగా ఉండే కంప్రెషన్ మేజోళ్లు వాపును తగ్గిస్తాయి, మీకు పనికొస్తాయి. మీ వారికి మాత్రం మధుమేహం వల్ల కాళ్లలో రక్తప్రసరణ ఎలా ఉందో పరీక్షించాకే వైద్యుడు వాటిని సూచించాలి.

విమానంలో చేయవలసింది నిజానికి చాలా కొద్ది. మెలకువగా ఉన్నంతసేపూ గంటకో గంటన్నరకో ఒకసారి లేచి, నడవాలో అటూ ఇటూ నడవాలి. సీటు బెల్టు దీపం వెలుగుతున్నప్పుడు కూర్చున్న చోటే మడమలను నేలకు ఆనించి వేళ్లను పైకి ఎత్తడం, వేళ్లను ఆనించి మడమలను ఎత్తడం ఇరవై ముప్పై సార్లు చేయాలి. కాళ్ల కింద సంచులు పెట్టుకుంటే కాళ్లు చాపే చోటు పోతుంది. టికెట్ మీద సీట్లు ఎంచుకునే వీలుంటే ఇద్దరూ నడవా పక్కనే, దానికి అటొకరు ఇటొకరు కూర్చోండి. కిటికీ పక్కన కూర్చుంటే మేఘాలు చూడవచ్చనుకుంటాము గానీ, 16 గంటలలో మేఘాలు కనిపించేది కాసేపే, పక్కవారిని నిద్ర లేపి బయటికి వెళ్లవలసింది మాత్రం అనేకసార్లు.

ఇక్కడే పెద్దవారిలో, ముఖ్యంగా స్త్రీలలో తరచుగా చూసే ఒక పొరపాటును ప్రస్తావించాలి. విమానంలో మరుగుదొడ్డికి వెళ్లడానికి మొహమాటపడి నీళ్లు తాగడమే మానేస్తారు. విమానం లోపలి గాలిలో తేమ ఎడారి గాలిలో కంటే తక్కువగా ఉంటుంది, అందుకే పెదవులు, ముక్కు, కళ్లు ఎండిపోతాయి. పైగా లోపలి గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉండే గాలి ఒత్తిడితో సమానం; మన తిరుమల సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉందని గుర్తు చేసుకుంటే, మీరు ఊటీలో కూర్చుని ఉన్నట్లు లెక్క. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవారిని ముందే పరీక్ష చేయించుకోమనేది ఇందుకే. కడుపులోని గాలి కూడా ఆ ఎత్తున వ్యాకోచిస్తుంది కనుక సోడాలు, పప్పు ఎక్కువగా ఉన్న వంటలు ఆ రోజుకు తగ్గించండి. నీళ్లు మాత్రం కొద్దికొద్దిగా తాగుతూనే ఉండాలి. ఖాళీ సీసాతో భద్రతా తనిఖీ దాటి, లోపల నింపుకోవచ్చు. విమానపు మరుగుదొడ్డిలో కాగితమే ఉంటుంది, నీళ్ల గొట్టం ఉండదు. ఒక చిన్న ఖాళీ సీసా లోపలికి తీసుకెళ్లి చేతులు కడిగే కుళాయి దగ్గర నింపుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది. ఆ కుళాయి నీళ్లు తాగవద్దు. లోపలికి చెప్పులతోనే వెళ్లాలి, అందుకే వాచిన పాదాలకు కూడా పట్టే వదులైన చెప్పులు మంచివి.

ఇన్సులిన్ విషయంలో తొందరపాటు పనికిరాదు. కాలిఫోర్నియా సమయం మనకంటే పన్నెండున్నర గంటలు, అక్కడి శీతాకాలంలో పదమూడున్నర గంటలు వెనుక ఉంటుంది. పడమరకు వెళ్తున్నారు కనుక మీ రోజు ఆ మేరకు సాగిపోయి, భోజనాలు అదనంగా వస్తాయి. అప్పుడు ఏ మందు ఎన్ని యూనిట్లు అనేది పత్రికలో చెప్పదగినది కాదు. టికెట్ కాగితం పట్టుకుని మీ వారిని చూసే వైద్యుడి దగ్గరకు కనీసం రెండు వారాల ముందు వెళ్లి, మోతాదుల పట్టికను భారత కాలమానంలో రాయించుకోండి, దిగే వరకూ చేతి గడియారాన్ని మార్చకండి. భోజనం పళ్లెం ఎదురుగా వచ్చాకే భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ వేసుకోవాలి, ఎందుకంటే కుదుపులు మొదలైతే వడ్డన అరగంటో గంటో ఆగిపోతుంది. ఇన్సులిన్, సూదులు, గ్లూకోమీటరు, మాత్రలు అన్నీ చేతి సంచిలోనే ఉండాలి. విమానం అడుగున పెద్ద సామాను ఉంచే అరలో ఇన్సులిన్ గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. మందుల అసలు (జెనరిక్) పేర్లతో వైద్యుడి చీటీ, చక్కెర తగ్గితే చప్పరించడానికి గ్లూకోజ్ బిళ్లలు కూడా దగ్గర ఉంచుకోండి.

భోజనం గురించి ఒక హెచ్చరిక. ‘హిందూ మీల్’ అని ఉన్నది శాకాహారమే అనుకుని చాలామంది దెబ్బ తింటున్నారు. చాలా సంస్థలలో అందులో మాంసం ఉండవచ్చు. మధుమేహుల భోజనం కూడా శాకాహారం కానవసరం లేదు. ‘ఏషియన్ వెజిటేరియన్’ అని అడిగి, ప్రయాణానికి కనీసం రెండు రోజుల ముందు నమోదు చేయించండి. వీల్‌చైర్‌కూ అదే గడువు. నడవగలిగినా మీ వారికి దానిని అడగడంలో తప్పు లేదు, దుబాయ్ విమానాశ్రయంలో నడక చాలా ఎక్కువ. ఇంటి నుంచి పులిహోర, చపాతీలు పట్టుకెళ్లవచ్చు, పెరుగన్నాన్ని తనిఖీలో ఆపే అవకాశం ఉంది. మిగిలినది దిగే ముందే పారేయాలి.

దిగాక రెండు పాదాలూ సమానంగా వాచి, ఒకటి రెండు రోజులలో తగ్గితే దిగులు లేదు. ఒకే కాలు వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే, లేదా ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే, వెళ్లి కొన్ని వారాలైనా సరే, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఈ మాట మీ అమ్మాయికి కూడా చెప్పి ఉంచండి. అక్కడ వైద్యం ఖరీదు తెలిసినదే కనుక, పాత జబ్బులకు ఎంతవరకు వర్తిస్తుందో చదివి చూసి ఇక్కడే బీమా తీసుకోండి.

ఇంకా టికెట్ కొనని పాఠకులకు ఒక మాట. గల్ఫ్‌లో విమానం మారితే ప్రయాణం రెండు ముక్కలవుతుందని అంటారు గానీ, మొదటిది నాలుగు గంటలు, రెండవది 16 గంటలు అయినప్పుడు భారం విడిపోయినట్లు కాదు. ఐరోపాలో మారితే రెండు ప్రయాణాలూ పది, పదకొండు గంటల చొప్పున వస్తాయి. ట్రాన్సిట్ వీసా నియమాలు ముందే చూసుకోగలిగితే, వయసు మళ్లినవారికి నేను ఆ దారినే సూచిస్తాను.

ప్రశ్న: మా కోడలు ఏడాది వయసున్న మనవడితో అమెరికా నుంచి బెంగళూరుకు ఒంటరిగా వస్తోంది. బిడ్డ విమానంలో ఏడవకుండా నిద్రమందు వేయవచ్చా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

సమాధానం: వేయవద్దు. జలుబు మందులతో నిద్రపుచ్చే అలవాటు ప్రమాదకరం. కొందరు పిల్లలకు శ్వాస మందగిస్తుంది, కొందరు నిద్రపోకపోగా మరింత చిరాకు పడతారు. పిల్లలు ఎక్కువగా ఏడ్చేది విమానం దిగేటప్పుడు, చెవిలో ఒత్తిడి సర్దుకోక. ఆ సమయంలో పాలు పట్టాలి, నిద్రలో ఉంటే లేపి పట్టాలి, మింగడం వల్ల చెవి తెరుచుకుంటుంది. చేతి సంచిలోని ద్రవాలకు ఉండే 100 మిల్లీలీటర్ల పరిమితి బిడ్డ పాలకు వర్తించదు, తనిఖీలో చెబితే చాలు. ఊయల తగిలించే వీలున్న ముందు వరుస సీట్లు కొన్నే ఉంటాయి, బరువు పరిమితి కూడా ఉంటుంది, కాబట్టి టికెట్ కొన్నప్పుడే అడగమనండి. విమానాశ్రయం నుంచి చిత్తూరుకు కారులో ఇంకా నాలుగు గంటలు పడుతుంది. తల్లీబిడ్డలను తిన్నగా కారెక్కించక, కాసేపు కాళ్లు చాపుకోనిచ్చి బయలుదేరండి, దారిలో కోలారు దగ్గరో ముళబాగిలు దగ్గరో ఆగండి.

ప్రశ్న: ఆవకాయ, లడ్డూలు, ఎండుకొబ్బరి, కరివేపాకు అమెరికాకు తీసుకెళ్లవచ్చా?
— ఒక పాఠకురాలు, పలమనేరు

సమాధానం: ఆవకాయను నూనె కారకుండా మూత బిగించి పెద్ద సామానులో పెట్టండి, చేతి సంచిలో అనుమతించరు. లడ్డూలను తీసుకెళ్లవచ్చు, కస్టమ్స్ వారు అడిగినప్పుడు తినుబండారాలున్నాయని దాచకుండా చెప్పాలి. నూనె ఎక్కువగా ఉండే ఎండుకొబ్బరికి తనంతట తాను అంటుకునే గుణం ఉన్నందున గుండు కొబ్బరిని విమానంలో నిషేధించారు. పచ్చి కరివేపాకును అక్కడి నిమ్మ, నారింజ తోటలకు తెగులు తెస్తుందని అమెరికాలోకి రానివ్వరు. పవర్ బ్యాంకు మాత్రం తప్పనిసరిగా చేతి సంచిలోనే ఉండాలి.

ప్రశ్న: మా అమ్మగారు కాలిఫోర్నియా నుంచి వచ్చి వారమైంది. రాత్రి రెండింటికే మేలుకుంటున్నారు, పగలంతా నిద్రపోతున్నారు. నిద్రమాత్ర ఇప్పించాలా?
— ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

సమాధానం: అవసరం లేదు. శరీరంలోని గడియారం రోజుకు సుమారు ఒక గంట చొప్పున మాత్రమే సర్దుకుంటుంది కనుక, పన్నెండు గంటల తేడాకు పది, పన్నెండు రోజులు పట్టడం సహజం. దానిని సరిదిద్దే శక్తి అన్నిటికంటే వెలుతురుకు ఎక్కువ. ఉదయం ఎండ ముదరకముందు ఆమెను అరగంటకు తక్కువ కాకుండా బయట నడిపించండి. మధ్యాహ్నం నిద్ర అరగంటకు మించకుండా, మూడింటి లోపే ముగిసేలా చూడండి. రాత్రి రెండింటికి మేలుకున్నా దీపం వేయకుండా, ఫోన్ చూడకుండా పడుకునే ఉండాలి. ఆ వేళ టిఫిన్ పెడితే కడుపు కూడా అమెరికా సమయాన్నే పట్టుకుని ఉంటుంది. మూడు వారాలు దాటినా మార్పు లేకపోతే వైద్యుడికి చూపించండి. ఈలోగా ఆమె బీపీ మాత్ర ఏ వేళకు వేసుకుంటున్నారో ఒకసారి కనుక్కోండి. అక్కడి వేళనే ఇంకా పాటిస్తూ ఉంటే, దానిని ఎలా మార్చాలో మందు రాసిన వైద్యుణ్ణే అడగండి.