పాఠకుల ప్రశ్నలు: థీసిస్ చాప్టర్ జర్నల్‌కి పంపే ముందు

ప్రశ్న: ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ చివరికొచ్చింది. థీసిస్‌లో ఒక చాప్టర్‌ని మంచి జర్నల్‌కి పంపమని మా గైడ్ అంటున్నారు. అది డెబ్బై పేజీలుంది. ఎక్కడ కోయాలో, ఎక్కడికి పంపాలో తోచడం లేదు. నా ఇంగ్లీషు చూసి తిప్పి పంపేస్తారేమోనని టెన్షన్ కూడా ఉంది.

జవాబు: ఇంగ్లీషు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ కత్తెర పక్కన పెట్టండి. డెబ్బై పేజీల్ని ముప్ఫై అయిదుకి కోస్తే వచ్చేది పొట్టి థీసిసే గానీ పేపర్ కాదు. థీసిస్ అనేది మీకు విషయం వచ్చని పరీక్షకుల ముందు నిరూపించుకోవడానికి రాసింది, అందుకే దాన్నిండా పాత పరిశోధనల సమీక్ష, పద్ధతుల వివరణ, ప్రయత్నించిన ప్రతి రిగ్రెషనూ (గణాంక లెక్కా) ఉంటాయి. జర్నల్ ఎడిటర్‌కి మీకెంత తెలుసన్నది అనవసరం. మీరు కొత్తగా ఏం కనుక్కున్నారు, దాన్ని ఎందుకు నమ్మాలి, ఈ రెండే ఆయనకి కావాలి. కాబట్టి కొత్త ఫైల్ తెరిచి, చాప్టర్ వైపు చూడకుండా, మీ ఫలితాన్ని రెండు మూడు వాక్యాల్లో రాయండి. అలా రాయలేకపోతున్నారంటే లోటు భాషలో లేదు, పేపర్ ఇంకా తయారవలేదని అర్థం.

ఒక ఉదాహరణ, ఊహించి రాస్తున్నదే. థీసిస్ అలవాటు ప్రకారం అబ్‌స్ట్రాక్ట్, అంటే పేపర్ మొదట్లో ఉండే సారాంశం, ఇలా ఉంటుంది: "ఈ పేపర్ సూక్ష్మరుణాలకూ మహిళల ఉపాధికీ ఉన్న సంబంధాన్ని తగిన గణాంక పద్ధతులతో పరిశీలించి విధానపరమైన సూచనలు చేస్తుంది." ఈ వాక్యం ఏ పేపర్‌కి తగిలించినా సరిపోతుంది. దాన్నే ఇలా రాయండి: "రుణ సంస్థ శాఖ తెరిచిన ఊళ్లలో మహిళలు కూలికి వెళ్లే గంటలు తగ్గాయి, సొంత వ్యాపారంలో గంటలు పెరిగాయి, ఇంటి మొత్తం ఆదాయం మాత్రం మారలేదు. ఏ ఊళ్లో ముందు తెరవాలో లాటరీ తీసి నిర్ణయించారు కాబట్టి రెండు రకాల ఊళ్లనీ నేరుగా పోల్చగలిగాం." ఏం తేలిందో, ఎందుకు నమ్మాలో రెండూ వచ్చేశాయి. అమెరికన్ ఎకనామిక్ రివ్యూ అనే జర్నల్ అబ్‌స్ట్రాక్ట్‌కి ఇచ్చేది 100 పదాలే, ఎకనామెట్రికా అనే జర్నల్ అయితే 150, అందులో "పరిశీలిస్తుంది", "చర్చిస్తుంది" లాంటి వాటికి చోటుండదు.

ఇంట్రడక్షన్ మీద మాత్రం ఎంత సమయం పెట్టినా తక్కువే. ఎడిటర్ మొదట చదివేది అదే, చాలాసార్లు దాంతో పాటు ప్రధాన టేబుల్ చూసి రెఫరీలకి, అంటే పేపర్ చదివి అభిప్రాయం చెప్పే నిపుణులకి, పంపాలా వద్దా తేల్చేస్తారు. మొదటి పేజీలో ప్రశ్న, రెండో పేజీ దాటకముందే జవాబు రావాలి, అదీ అంకెతో సహా. "ప్రభావం ఉంది" అంటే చాలదు, ఎంత ఉంది, అది పెద్దదా చిన్నదా, దేనితో పోలిస్తే అన్నది చెప్పాలి. పాత పరిశోధనల సమీక్ష మొత్తం తీసేసి, మీ పనికి బాగా దగ్గరగా ఉన్న అయిదారు పేపర్లతో మీ తేడా ఏమిటో రాయండి. వాటిని జాగ్రత్తగా చదివి రాయండి, ఎందుకంటే ఎడిటర్లు రెఫరీల కోసం తరచూ మీ రిఫరెన్సుల జాబితాలోనే వెతుకుతారు. తన పేపర్ గురించి తప్పు రాస్తే ఏ రెఫరీ అయినా మిగతాది అనుమానంగానే చదువుతాడు.

ఏ జర్నల్ అంటే, మీ రిఫరెన్సుల జాబితాలో ఏ జర్నల్ పేరు ఎక్కువసార్లు వచ్చిందో చూడండి, మీ పాఠకులు అక్కడే ఉన్నారు. టాప్ ఫైవ్ అని అందరూ అనే అయిదు అగ్రశ్రేణి జర్నళ్లలో చోటు కష్టమన్నది కొత్త సంగతేం కాదు గానీ, ఎంత కష్టమో తెలుసుకుని పంపండి: ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, స్టెఫానో డెల్లావిన్యా 2013లో లెక్క తీస్తే, 1970ల చివర్లో 15 శాతం దాకా ఉన్న అంగీకారం 6 శాతానికి దిగింది, అచ్చయ్యే పేపర్ల పొడవేమో దాదాపు మూడింతలైంది. ఉద్యోగ ప్రయత్నంలో ఉన్నవాళ్లకి నెలలు విలువైనవి. మీ అంశానికి సరిపోతే జర్నల్ ఆఫ్ డెవలప్‌మెంట్ ఎకనామిక్స్ లాంటి ఫీల్డ్ జర్నల్‌తో (ఒకే రంగానికి పరిమితమైన జర్నల్‌తో) మొదలుపెట్టడం ఏమాత్రం చిన్నతనం కాదు, నన్నడిగితే చాలామందికి అదే సరైన దారి.

ఇక ఇంగ్లీషు. వ్యాకరణ దోషాలకి రిజెక్ట్ చేసేవాళ్లు తక్కువ, అర్థం కాకపోతే చేసేవాళ్లు ఎక్కువ. చిన్న వాక్యాలు రాయండి, ఒక భావనకి మొదటి నుంచి చివరి దాకా ఒకే పదం వాడండి. మీ ఫీల్డ్ కాని స్నేహితుడికి ఇంట్రడక్షన్ ఇచ్చి, చదివాక మీ ఫలితమేమిటో చెప్పమనండి. చెప్పలేకపోతే మళ్లీ రాయాల్సిందే.

ప్రశ్న: ఒకేసారి రెండు జర్నళ్లకి పంపొచ్చా? జేఈఎల్ కోడ్లు, పేరు దాచడం, ఫీజు, వీటి గురించి కూడా చెప్పండి.

జవాబు: పంపకూడదు. ఒకచోట నిర్ణయం వచ్చేదాకా ఇంకోచోటికి పంపితే రెండు చోట్లా పేరు పోతుంది. అచ్చుకాకముందే వర్కింగ్ పేపర్‌గా ఎస్ఎస్ఆర్ఎన్ లాంటి వెబ్‌సైట్‌లో పెట్టుకోవడం వేరు, ఆర్థికశాస్త్రంలో అది మామూలే. జేఈఎల్ కోడ్లు, అంటే పేపర్ ఏ అంశానిదో చెప్పే వర్గీకరణ సంకేతాలు, రెండు మూడు చాలు. పైన చెప్పిన ఊహా పేపర్‌కైతే ఓ12, జే16, జీ21. రెఫరీలకి రచయిత పేరు తెలియకుండా దాచాలా వద్దా అన్నది జర్నల్‌ని బట్టి ఉంటుంది. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ జర్నళ్లు 2011లోనే ఆ పద్ధతి మానేశాయి, టైటిల్ వెతికితే రచయిత దొరికిపోతున్నాడు కాబట్టి. దాచమనే జర్నల్ అయితే కృతజ్ఞతల ఫుట్‌నోట్, ఫైల్ ప్రాపర్టీస్‌లో పేరు కూడా తీసేయండి. మంచి జర్నళ్లలో చాలావాటికి సబ్మిషన్ ఫీజుంది, అది పరిశీలనకి కట్టేది, అచ్చుకి హామీ కాదు. వారంలో అంగీకరిస్తాం, డబ్బు కట్టండి అని మెయిల్ వస్తే అది ఎంత గంభీరమైన పేరున్న జర్నలైనా అటు పోకండి.

ప్రశ్న: డేటా, కోడ్ కూడా ఇవ్వాలంటున్నారు. నిజంగా ఎవరైనా చూస్తారా?

జవాబు: చూస్తారు. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్‌కి ప్రత్యేకంగా డేటా ఎడిటర్ ఉన్నారు, 2019 నుంచి అంగీకరించిన పేపర్ కోడ్‌ని అచ్చుకి ముందే పరిశీలిస్తున్నారు. ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగోఫ్‌ల 2010 పేపర్ ప్రభుత్వాల అప్పుల చర్చనే మార్చింది. దాని ఎక్సెల్ షీట్‌లో ఒక సగటు నుంచి అయిదు దేశాలు జారిపోయాయని 2013లో బయటపెట్టినవాళ్లలో ఒకరు విద్యార్థి. కాబట్టి ముడి డేటా నుంచి చివరి టేబుల్ దాకా ఒక్క ఫైల్ రన్ చేస్తే వచ్చేలా ఇవాళే సర్దుకోండి, అంగీకారం వచ్చాక కూర్చుంటే ఏ వేరియబుల్ ఎందుకు తీసేశారో మీకే గుర్తుండదు.

ప్రశ్న: రివైజ్ అండ్ రీసబ్మిట్ వచ్చింది. మొదటి రెఫరీ మోడల్ పెంచమంటారు, రెండో ఆయన తీసేయమంటారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందుగా అభినందనలు, సవరించి మళ్లీ పంపమనడం చాలా మంచి కబురు. వినాల్సింది ఎడిటర్ మాట. ఆయన ఉత్తరం మళ్లీ చదవండి, ఏది ముఖ్యమో అందులో దాదాపు ఎప్పుడూ సూచన ఉంటుంది. లేకపోతే "మోడల్‌ని అపెండిక్స్‌కి మార్చి, దాని నుంచి వచ్చే ఒక్క అంచనానే పేపర్‌లో ఉంచుదామనుకుంటున్నాం, మీకు సమ్మతమేనా" అని ఆయన్నే అడగొచ్చు. రెఫరీలకి రాసే జవాబులో వాళ్ల ప్రతి వ్యాఖ్యనీ పూర్తిగా అతికించి, కిందే ఏం మార్చారో పేజీ నంబరుతో రాయండి. "సవరించాం" అని వదిలేయొద్దు. "స్టాండర్డ్ ఎరర్లు ఊరి స్థాయిలో క్లస్టర్ చేశాం, 4వ టేబుల్ రెండో కాలమ్ చూడండి, గుణకం మారలేదు, స్టాండర్డ్ ఎరర్ కొంచెం పెరిగింది" అని రాస్తే రెఫరీ వెతుక్కునే పని ఉండదు. ఒప్పుకోని చోట ఒప్పుకోవడం లేదనే చెప్పండి, కారణం చూపించండి. అడిగినవన్నీ చేసి పేపర్‌ని పాడుచేసుకోవడం కన్నా అది నయం.

ప్రశ్న: పంపి ఎనిమిది నెలలైంది, కబురు లేదు. ఎడిటర్‌కి రాస్తే కోపమొస్తుందా?

జవాబు: రాదు. రెఫరీ మర్చిపోయి ఉండొచ్చు, మీ మెయిల్ చూసి జర్నల్ వాళ్లు ఆయనకి గుర్తుచేస్తారు. జర్నల్ ఆఫీసుకి మాన్యుస్క్రిప్ట్ నంబరు, పంపిన తేదీ, ఏ దశలో ఉందో తెలపగలరా అన్న ఒక్క వాక్యం చాలు. రెఫరీలెవరని మాత్రం అడగకండి.